పదేళ్లు తుడిచాక చెబుతున్నా: మా ఇంట్లో గ్లాసీ టైల్స్, మ్యాట్ టైల్స్

మెరిసే గ్లాసీ టైల్ మురికిని చూపిస్తుంది కానీ పట్టుకోదు. మెరుపు లేని మ్యాట్ టైల్ మురికిని దాస్తుంది, దాచి గట్టిగా పట్టుకుంటుంది. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఏది మంచిదని అడిగితే నేను ముందుగా చెప్పేది ఇదే. షోరూములో లైట్ల కింద నిలబెట్టిన టైలును చూసి మెరుపు నచ్చిందా లేదా అని తేల్చుకుంటాం. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాన్ని తుడిచేది మాత్రం మన చేతులే.

మాది ఒంగోలు. 2014లో ఇల్లు కట్టుకున్నాం. కింద అత్తయ్య, మామయ్య, పైన మేము. కింద హాలు మెరుస్తూ ఉండాలని మామయ్య పట్టుబట్టారు. పిల్లలు అప్పటికి బాగా చిన్నవాళ్లు, పరుగులు పెడితే జారిపడతారని పైన అంతా మ్యాట్ వేయించారు మావారు. కాబట్టి ఒకే ఇంట్లో రెండూ ఉన్నాయి. రెండింటి మీదా పడేది ఒకే దుమ్ము, ఒకే ఉప్పు బోరు నీళ్లు, తుడిచే చెయ్యి కూడా ఒకటే. పోల్చి చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? చీమకుర్తి పక్కనే ఉంచుకుని గ్రానైట్ వేసుకోకుండా టైల్స్ ఏమిటని బంధువులు చాలామంది అడిగారు. మెట్లకూ వంటగట్టుకూ అక్కడి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌నే వేశాం, అది వేరే కథ.

కింది హాలుతో మొదలుపెడతాను. అక్కడ వేసింది పాలరాయి గీతలున్న పాలిష్ గ్లేజ్డ్ విట్రిఫైడ్, దుకాణాల్లో పీజీవీటీ అంటారు. మొదటి రెండు మూడేళ్లు చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. తుడిచిన పది నిమిషాలకు ఆరిపోతుంది. పాయసం ఒలికినా, పచ్చడి పడినా, గుడ్డ పెట్టి తీస్తే చాలు, జాడ ఉండదు. కానీ తుడిచిన నీళ్లు మార్చకపోతే ఆరాక గుడ్డ చారలు కనిపిస్తాయి. తడికాలితో నడిస్తే అడుగులన్నీ అచ్చు పడతాయి. సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ పడినప్పుడు పొద్దున తుడిచిన నేల మీద కూడా దుమ్ము లెక్కపెట్టవచ్చు. ఇది టైలు లోపం కాదు, దాని స్వభావం. ఇష్టపడేవాళ్లు ఆ పని కూడా ఇష్టంగా చేసుకోవాలి.

అసలు అరుగుదల ఎంతో నాకు తెలిసింది వాష్‌బేసిన్ దగ్గర పైపు కారి, ప్లంబరు ఒక టైలు పగలగొట్టినప్పుడు. అటక మీద దాచిన పెట్టెలోంచి కొత్తది తీసి వేశాం. అదే టైలు, అదే షేడ్ నంబరు. అయినా పక్కనున్న వాటి కంటే అది స్పష్టంగా ఎక్కువ మెరుస్తోంది. వీధి తలుపు నుంచి వంటింటి దాకా మనుషులు నడిచే దారంతా కాస్త మసకబారిందని అప్పుడు గమనించాం. సోఫాల కింద మాత్రం కొత్తదానిలాగే ఉంది. కారణం చెప్పుల వెంట వచ్చే ఇసుక. ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్, గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద అది 7. టైలు పైన గాజులా ఉండే పూత, అంటే గ్లేజు, సాధారణంగా అంతకంటే మెత్తన. ప్రతి అడుగూ సన్నని గీతలు పెడుతుంది, ఆ గీతలన్నీ కలిసి మెరుపును తినేస్తాయి. పైఅంతస్తులో కూడా ఒక టైలు మార్చాల్సి వచ్చింది. అది మ్యాట్. కొన్నాళ్లకే ఏది కొత్తదో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. అరుగుదల మ్యాట్‌కూ ఉంటుంది, కానీ పోవడానికి దానికి మెరుపు లేదు.

ఇంకో విషయం, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే తప్పక ఆలోచించాల్సింది. అత్తయ్యకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. గ్లాసీ నేల మీద ట్యూబులైటు ప్రతిబింబం పడితే ఆవిడకు అక్కడ నీళ్లున్నట్టు అనిపిస్తుంది, ఆగిపోయి గోడ పట్టుకుంటుంది. నిజంగా నీళ్లు పడ్డప్పుడేమో మెరుపులో కలిసిపోయి కనిపించవు. నాకు ఇదే ఎక్కువ భయం. ఫ్రిజ్ దగ్గర, ఫిల్టర్ దగ్గర రబ్బరు మ్యాట్లు వేశాం, హాల్లో లైట్లు నేరుగా నేలకు కొట్టకుండా గోడ వైపు తిప్పించాం. ఇప్పుడు కడితే పెద్దవాళ్లు తిరిగే గదుల్లో గ్లాసీ నేల నేను ఒప్పుకోను, మామయ్య ఎంత అలిగినా సరే.

పూజగదిలో ఉన్నదీ మెరిసేదే, కానీ రకం వేరు. అది తెల్ల డబుల్ చార్జ్. దాని మీద గ్లేజు ఉండదు. రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, దాన్నే సాన పట్టి మెరిపిస్తారు. గీత పడినా లోపల అదే రంగు కాబట్టి కొట్టొచ్చినట్టు కనపడదు, అరిగేచోట అది గట్టి సరుకు. అయితే సాన పట్టినప్పుడు కంటికి కనిపించని సన్నని రంధ్రాలు తెరుచుకుంటాయి. వాటిని మూయడానికే నానో పాలిష్ అని పూత పూస్తారు. ఆ పూత పోయినచోట పసుపు, కుంకుమ, దీపం నూనె దిగుతాయి. మా పీట ముందు లేత పసుపు మచ్చ ఒకటి స్థిరపడిపోయింది. దీపపు కుందుల కింద ఇత్తడి పళ్లెం పెట్టడం మొదలుపెట్టాక కొత్తవి రాలేదు. కాబట్టి దుకాణంలో గ్లాసీ అనగానే సరిపోదు, పైన గ్లేజు ఉందా, లేక ఒంటినే పాలిష్ చేశారా అని అడగండి.

వంటింటి గోడకు నా తీర్పులో రెండో మాట లేదు: గ్లాసీనే. రోజూ తాలింపు వేసే ఇల్లు మనది. ఆవాలు చిటపటలాడితే నూనె ఎక్కడిదాకా ఎగురుతుందో వంట చేసేవాళ్లకు తెలుసు. గ్లేజు మూసుకుపోయిన గాజు పొర. అందులోకి నూనె దిగదు, పొయ్యి ఆర్పాక గోరువెచ్చని సబ్బు నీళ్ల గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది. గోడ టైల్స్ చాలావరకు మామూలు సిరామిక్, వాటి ఒంటికి నీళ్లు పీల్చే గుణం ఎక్కువ. అయినా ముందు వైపు గ్లేజు కాపాడుతుంది, గోడ మీద బరువూ నడకా ఉండవు, అందుకే ఏ ఇబ్బందీ లేదు. మా తోడికోడలు తన ఫ్లాటులో పొయ్యి వెనక గరుకు మ్యాట్ టైల్స్ వేయించుకుంది. ఫొటోల్లో ఎంత బాగుంటాయో! రెండేళ్లయ్యేసరికి గరుకులో నూనె జిడ్డు, దాని మీద దుమ్ము. పళ్లు తోముకునే బ్రష్షుతో రుద్దినా గుంటల్లోంచి పూర్తిగా రాలేదు. చివరికి పొయ్యి వెనక గాజు పలక బిగించుకుంది.

వంటింటి నేల మాత్రం వేరు. అక్కడ మేం వేసింది సాటిన్, అంటే మ్యాట్‌లోనే నున్నగా ఉండేది. ఆవకాయ కలిపిన రోజు నూనె చుక్కలు పడినా కాలు జారలేదు, తుడిస్తే మచ్చా మిగల్లేదు. మ్యాట్ అన్నాక అన్నీ ఒకటే అనుకోకూడదు. సాటిన్, షుగర్, రస్టిక్, కార్వింగ్ అని గరుకు పెరుగుతూ పోతుంది. గరుకు పెరిగేకొద్దీ కాలికి పట్టు పెరుగుతుంది, తుడవడం కష్టమవుతుంది. నేను చూసినంతలో మ్యాట్ టైల్స్ మీద ఇళ్లలో వినే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి సరిపడని గదిలో గరుకువి వేయడం వల్ల వచ్చినవే.

ఇక బాత్రూము. ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దెబ్బలు తగిలేది ఇక్కడే. మన స్నానం తీరు వేరు. బకెట్టు, చెంబు, నేలంతా తడి. తలంటు రోజైతే నువ్వుల నూనె, సున్నిపిండి, కుంకుడుకాయ నురగ మూడూ కలిసి నేల మీదే ప్రవహిస్తాయి. ఆ నేల మీద గ్లాసీ అనే మాటే ఎత్తకూడదు. యాంటీ స్కిడ్ అని పెట్టె మీద రాసి ఉన్నా సరిపోదు, అంకె చూడాలి. ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా ఉండే గుర్తు జర్మన్ ప్రమాణం నుంచి వచ్చింది. నూనె పూసిన వాలు మీద పనివాళ్ల బూట్లతో మనిషిని నడిపించి, ఎంత వాలు దగ్గర జారతాడో చూసి వేసే అంకె అది. ఆర్ 9 అన్నింటికంటే తక్కువ, అంటే 6 నుంచి 10 డిగ్రీల వాలు మాత్రమే. మనం బాత్రూములో బూట్లతో తిరగం. వట్టి కాళ్లకు, సబ్బు నీళ్లకు వేరే పరీక్ష ఉంది, దానికి ఏ, బీ, సీ అని గుర్తులు. స్నానం చేసేచోటుకు బీ నప్పుతుంది. మన దుకాణాల్లో చాలాచోట్ల ఆ అక్షరం అడిగితే వింతగా చూస్తారు. అడగండి, క్యాటలాగులో ఉంటే చూపిస్తారు. లేకపోతే సాంపిల్ టైలు నేల మీద పెట్టించి, దాని మీద నీళ్లు, రెండు చుక్కల షాంపూ వేసి, చెప్పులు విడిచి, పక్కన మనిషిని పట్టుకుని నిలబడి చూడండి. మా మామయ్య అలాగే చేశారు. దుకాణం కుర్రాడు మొదట కంగారుపడినా తర్వాత తనే ఇంకో రెండు సాంపిల్స్ తెచ్చిచ్చాడు.

మేం వేసినవి అడుగు చదరం మ్యాట్ టైల్స్. చిన్నవైతే రెండు లాభాలు. జాలీ వైపు వాటం తీయడం మేస్త్రికి సులువు. టైల్స్ మధ్య కీళ్లు ఎక్కువ ఉంటాయి కాబట్టి కాలికి పట్టు కూడా ఎక్కువ. పెద్ద టైలుతో వాటం సరిగా కుదరక మూలల్లో నీళ్లు నిలిచే బాత్రూములు బంధువుల ఇళ్లలో చూశాను. నీళ్లు నిలిచిందంటే పాచి పడుతుంది, పాచి పట్టాక ఎంత గరుకు టైలైనా జారుతుంది. ఇన్నేళ్లలో మా ఇంట్లో బాత్రూములో ఎవరూ పడలేదు. దీనికి నేను ఎంత పనైనా చేస్తాను, కానీ పని ఉన్న మాట నిజం. వారానికి ఒకసారి గట్టి బ్రష్షుతో రుద్దకపోతే సబ్బు తెట్టు గరుకులో పేరుకుని లేత రంగు టైలు బూడిద రంగుకు తిరుగుతుంది. అంతకంటే ముందు నల్లబడేది కీళ్లు. వాటిలో నింపే సిమెంటు గ్రౌట్ నీళ్లు పీలుస్తుంది, కుంకుడు రసం మరక పడితే వదలదు. పై బాత్రూములో దాన్ని గీకించి, నీళ్లు పీల్చని ఎపాక్సీ గ్రౌట్ పట్టించాం. ఖర్చు ఎక్కువే, కానీ అప్పటినుంచి కీళ్ల కోసం చేయి నొప్పెట్టలేదు. మ్యాట్ మీద ఎపాక్సీ పట్టించేటప్పుడు మేస్త్రి పక్కనే నిలబడండి. అంటుకున్నది వెంటనే తుడవకపోతే గరుకులో గట్టిపడి తెల్ల పొరలా ఉండిపోతుంది.

బాత్రూము గోడలు గ్లాసీ. మంచి ఎంపిక, ఒక్క షరతు: ఉప్పు నీళ్ల ఊళ్లో ముదురు రంగు వద్దు. కింది బాత్రూములో ఒక వరస ముదురు నీలం వేయించాం. బోరు నీళ్ల చుక్కలు ఆరిన ప్రతిచోటా తెల్లమచ్చ. లేత రంగు గోడ మీదా అవే మచ్చలు ఉంటాయి, కనపడవంతే. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు చల్లి, ఐదు నిమిషాలాగి, తుడిచి కడిగేస్తే పోతాయి. యాసిడ్ సీసా జోలికి వెళ్లకండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం సిమెంటు కీళ్లను తినేస్తుంది. హైడ్రోఫ్లోరిక్ కలిసిన క్లీనర్లయితే గ్లేజునే కొరికి మెరుపును శాశ్వతంగా తీసేస్తాయి, మనిషికీ ప్రమాదం.

బెడ్‌రూములకు పెద్దగా చెప్పేదేం లేదు. మ్యాట్ వేశాం, హాయిగా ఉంది, రాత్రి లైటు కళ్లలోకి కొట్టదు. వేసవిలో మ్యాట్ చల్లగా ఉంటుందని కొందరంటారు, నా కాళ్లకు మాత్రం ఏ తేడా తెలియలేదు.

ముందు వరండాకు మ్యాట్ తప్ప ఇంకోటి ఆలోచించకండి. వానాకాలం జల్లు కొట్టినప్పుడు గ్లాసీ వరండా ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి ముగ్గు. మెరిసే టైలు మీద పిండి నిలవదు, గీత జారిపోతుంది, చిన్న గాలికే చెదిరిపోతుంది. మ్యాట్ మీద చుక్క పెడితే చుక్క ఉంటుంది. సంక్రాంతి నెలలో అత్తయ్య పెట్టిన మెలికల ముగ్గు సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. మరీ గరుకుదైతే పాత ముగ్గు తెలుపు గుంటల్లో ఉండిపోతుంది, నీళ్లు కొట్టి చీపురుతో రుద్దుకోవాలి.

మా తమ్ముడు ఇప్పుడు హైదరాబాదులో ఇల్లు కడుతున్నాడు. వాడికి నేను రాసిచ్చింది ఇది: గోడలన్నీ గ్లాసీ లేతరంగు, హాలుకు సాటిన్, బాత్రూము నేలకు అడుగు చదరం గరుకు మ్యాట్, వరండాకు రస్టిక్. మెరుపు కావాలని మరదలికి ఉంది కాబట్టి పూజగదికి గ్లేజున్న గ్లాసీ. నచ్చిన ప్రతి సాంపిల్ మీదా పసుపు కలిపిన నూనె రాసి రాత్రంతా ఉంచి పొద్దున తుడిచి చూడమన్నాను. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే సరుకులో డిజైన్లు ఏటా మారిపోతాయి, తర్వాత వెతికితే అదే టైలు దొరకదు. అందుకే ప్రతి రకంలో ఒకటో రెండో పెట్టెలు ఎక్కువ కొని, పెట్టె మీది షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోమన్నాను. మేస్త్రి వచ్చే వారం పని మొదలుపెడతాడు.