అమీర్‌పేట కోర్ జావా బ్యాచ్: విసరడం బాగా నేర్పారు, పట్టుకోవడమే సరిగ్గా నేర్పలేదు

మైత్రీవనం వెనక సందులో మూడో అంతస్తులో ఉండే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కోర్ జావా (జావా ప్రోగ్రామింగ్ భాషలో పునాది కోర్సు) పూర్తిచేశాను. పేరు చెప్పను, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. పొద్దున 7 గంటల బ్యాచ్, 45 రోజులన్నారు, 58 పట్టింది. ఫీజు 3,000, మొదటి మూడు రోజులు డెమో ఫ్రీ. గదిలో దాదాపు 80 మందిమి, ఏసీ గాలంతా సార్ నెత్తి మీదికే, వెనక బెంచీలో కూర్చుంటే స్క్రీన్ మీద ఉన్నది కోలనో సెమికోలనో తెలియదు.

అయినా ఈ రివ్యూ రాస్తున్నది ఒక్క క్లాసు కోసం: యూజర్ డిఫైన్డ్ ఎక్సెప్షన్స్. ప్రోగ్రామ్ నడుస్తుండగా తప్పు జరిగితే పంపే కబురే ఎక్సెప్షన్, దాన్ని మనమే సొంతంగా రాసుకోవడం అన్నమాట. పంపడాన్ని విసరడం (త్రో) అంటారు, అందుకుని ఏదో ఒకటి చేయడాన్ని పట్టుకోవడం (క్యాచ్) అంటారు.

ఈ టాపిక్‌కి ఎక్కడికెళ్ళినా ఒకటే ఉదాహరణ. వయసు 18 కంటే తక్కువైతే ఇన్‌వాలిడ్ ఏజ్ ఎక్సెప్షన్ విసిరి, నాలుగు లైన్ల కింద మెయిన్‌లోనే (ప్రోగ్రామ్ మొదలయ్యే చోటే) పట్టుకుని 'ఓటు లేదు' అని ప్రింట్ చేయడం. బీటెక్‌లో నేనూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను, ఇఫ్ ఎల్స్‌తో పోయేదానికి ప్రత్యేకంగా ఒక జావా క్లాసు (కోడ్‌లో ఒక రకానికి రాసే నమూనా) రాసి, విసిరి, మళ్ళీ మనమే పట్టుకోవడం ఎందుకో మాత్రం అర్థం కాలేదు. రెండో బెంచీలో ఒకమ్మాయి సరిగ్గా ఇదే అడిగింది. సార్ మార్కర్ కింద పెట్టి, "చూడమ్మా, బ్యాంకులో చెక్కు ఇచ్చావు, సంతకం కలవలేదని క్యాషియర్‌కి తెలిసిపోయింది. కానీ ఏం చేయాలో తేల్చేది లోపల కూర్చున్న మేనేజర్. ఇప్పుడు క్యాషియర్ ఒక చీటీ మీద మైనస్ ఒకటి అని రాసి లోపలికి పంపిస్తే మేనేజర్‌కి ఏమర్థమవుతుంది?" అన్నారు. ఎక్సెప్షన్ వాడకుండా తప్పుని మైనస్ ఒకటి లాంటి అంకెతో తిప్పి పంపడం అలాంటిదేనట. నాకైతే అప్పుడు వెలిగింది. తప్పు కనిపించే చోటు వేరు, దాన్ని ఏం చేయాలో తెలిసిన చోటు వేరు. రెండూ మెయిన్‌లోనే పెట్టి చూపిస్తే ఇది ఎవరికీ కనపడదు.

తర్వాత అక్కడికక్కడే కోడ్ రాశారు. ఇన్‌సఫిషియెంట్ బ్యాలెన్స్ ఎక్సెప్షన్ అని ఒక క్లాసు, జావాలో ఉన్న ఎక్సెప్షన్‌ని ఎక్స్‌టెండ్ చేస్తుంది (అంటే దానికి పిల్ల క్లాసు), కన్‌స్ట్రక్టర్‌లో (తయారయ్యేటప్పుడు నడిచే కోడ్‌లో) సూపర్‌కి, అంటే తండ్రి క్లాసుకి, మెసేజ్ పంపిస్తుంది. ఇంతవరకు అందరూ చెప్పేదే. ఆయన అందులో ఖాతాలో ఉన్న మొత్తాన్ని కూడా ఒక ఫీల్డ్‌గా (క్లాసులో విలువ దాచుకునే చోటు) పెట్టారు. బ్యాలెన్స్ 3,000, అడిగింది 5,000. పట్టుకున్న చోట ఆ ఫీల్డ్ చదివి 'మీ దగ్గర 3,000 ఉంది, అదైనా తీసుకుంటారా?' అని అడిగించారు. ఉత్త మెసేజే ఉంటే ప్రింట్ చేయడం తప్ప ఏం చేయగలం?

కావాలనే మెథడ్ (ఒక పని చేసే కోడ్ ముక్క) పేరు పక్కన త్రోస్ అనే మాట తీసేసి కంపైల్ చేశారు, అంటే నడిపే ముందు కోడ్‌ని తనిఖీ చేసే కంపైలర్‌కి ఇచ్చారు. 'మస్ట్ బి కాట్ ఆర్ డిక్లేర్డ్ టు బి త్రోన్' అని ఎర్రర్ వస్తే అందరి చేతా గట్టిగా చదివించారు. త్రో అంటే బంతి విసరడం, త్రోస్ అంటే ఇక్కడ బంతులు పడతాయి జాగ్రత్త అని గేటుకి కట్టే బోర్డు అట. ఇంటర్వ్యూలో నేను ఇదే చెప్పాను, అడిగినాయన నవ్వాడు. చివర్లో ఎక్సెప్షన్ బదులు రన్‌టైమ్ ఎక్సెప్షన్‌ని ఎక్స్‌టెండ్ చేయగానే కంపైలర్ నోరు మూసుకుంది. కంపైలర్ పట్టుబట్టేది చెక్డ్, పట్టించుకోనిది అన్‌చెక్డ్, తేడా అంతేనా అనిపించింది. ఏది ఎప్పుడు వాడాలో మాత్రం ఐదు నిమిషాల్లో చుట్టేశారు. (పైథాన్ బ్యాచ్‌లో ఉన్న మా రూమ్మేట్‌కి ఈ గొడవే లేదు, క్లాసు పేరు, కింద పాస్, రెండు లైన్లు, అయిపోయింది. వాడి మొహం చూస్తే అసూయ వేసింది.)

ఇక తిట్లు. ల్యాబ్, జిరాక్స్ మెటీరియల్ దారుణం. మినీ ప్రాజెక్టులో ఖాతా వివరాలు ఫైల్‌లో రాయాలి. నాది 'సేవ్ అయింది' అంటోంది, తెరిచి చూస్తే ఫైలే లేదు. రెండు రోజులు పోయాయి. చివరికి చూస్తే మెటీరియల్ నుంచి దించిన మెథడ్‌లో క్యాచ్ ఎక్సెప్షన్ e అని ఉంది, బ్రాకెట్ల మధ్య ఏమీ లేదు, పూర్తిగా ఖాళీ. ఫోల్డర్ పేరు నేను తప్పు రాసిన సంగతి అక్కడే మింగేసింది. అందరికీ తండ్రి అయిన ఎక్సెప్షన్‌నే అలా పట్టుకుంటే మనం కష్టపడి రాసుకున్న సొంత ఎక్సెప్షన్ కూడా అందులోనే పోతుంది కదా, మరి అంత క్లాసు చెప్పి లాభమేంటి? ల్యాబ్ అసిస్టెంట్‌ని అడిగితే, "ఎర్రర్ రావట్లేదుగా బ్రదర్, ఇంకేం కావాలి?" అన్నాడు.

ఇంకోటి. ఫైల్ ఎర్రర్‌ని మన ఎక్సెప్షన్‌లో చుట్టి పైకి పంపేటప్పుడు అసలు ఎక్సెప్షన్‌ని కూడా సూపర్‌కి ఇవ్వాలి, లేకపోతే స్టాక్ ట్రేస్‌లో (తప్పు ఏ దారిలో వచ్చిందో చూపే జాబితాలో) 'కాజ్డ్ బై' లైను రాదు, మూలం ఎక్కడో దొరకదు. ఇది జావా 1.4 నుంచి, అంటే 2002 నుంచి ఉంది. ఉద్యోగంలో చేరాక మా సీనియర్ అక్క చెబితే తెలిసింది. 2011లో జావా 7తో వచ్చిన ట్రై విత్ రిసోర్సెస్ (తెరిచిన ఫైల్‌ని దానంతటదే మూసేసే పద్ధతి) ఊసే లేదు, ఇంకా ఫైనల్లీలో (తప్పు వచ్చినా రాకున్నా చివర్లో నడిచే భాగంలో) చేత్తో క్లోజ్ చేయిస్తున్నారు.

చేరాలనుకుంటే 6:40కే వెళ్ళి ముందు బెంచీ పట్టుకోండి, సార్ చెప్పేది రాసుకోండి, మెటీరియల్ కొనకండి. 5కి మూడున్నర ఇస్తున్నా. ఆ ఖాళీ క్యాచ్ ఉన్న పేజీ చింపేస్తే నాలుగు.