అడవి జంతువుల బొమ్మల పుస్తకం: మనది కాని తోడేలు

విశాఖ ద్వారకానగర్‌లోని ఒక పుస్తకాల దుకాణంలో మా మనవరాలి కోసం 180 రూపాయలకు అడవి జంతువుల బొమ్మల పుస్తకం కొన్నాను. కుట్టు గట్టిగా ఉంది, అక్షరాలు ఏడేళ్ల పిల్ల కూడబలుక్కుని చదువుకునేంత పెద్దవి. ఏనుగు, ఎలుగుబంటి పుటలతో నాకు పేచీ లేదు. చిక్కంతా తోడేలుతోనే వచ్చింది.

ఆ పుటలో మంచు గుట్ట మీద నిలబడి, నిండు చంద్రుడి వైపు మోర ఎత్తిన తెల్లటి, నీలికళ్ల జంతువు ఉంది. మన ద్వీపకల్పంలో తిరిగే తోడేలు బక్కపలచగా, పొట్టి బొచ్చుతో, ఎండుగడ్డి రంగులో ఉంటుంది. దట్టమైన అడవి కన్నా గడ్డి మైదానాలను, ముళ్లపొదల బీళ్లను, గొర్రెల మందలు మేసే చోట్లను అది ఎక్కువగా ఆశ్రయిస్తుంది. నీలికళ్లు కూనలకే ఉంటాయి, పెరిగేకొద్దీ అవి తేనెరంగుకు మారతాయి. ఊళ వేసేది చంద్రుడిని చూసి కాదు, దూరమైన తోటివాటిని పిలవడానికి, పరాయి గుంపులను హెచ్చరించడానికి. ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాలలో తోడేలును చూసి వచ్చిన పిల్ల కనుక, "తాతయ్యా, ఇది వేరే జంతువా?" అని అడిగింది.

బొమ్మ కింద, పోరాడి గెలిచినదే గుంపుకు నాయకుడని రాశారు. బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసిన దాని నుంచి పాకిన మాట ఇది. అడవిలో గుంపు అంటే చాలావరకు తల్లిదండ్రులు, వాటి పిల్లలేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో విడమరిచి చెప్పారు. అంతకుముందు 1970లో ఆ పాత మాటకు ప్రచారం కల్పించినవారిలో ఆయనా ఒకరు.

ఎదుటి పుటలో గొర్రెతోలు కప్పుకున్న తోడేలు కథ ఇచ్చారు. మోసగాడిని మేకవన్నె పులి అనడం మనకు అలవాటు. మన పెద్దలు తోడేలును తలచుకున్నది మోసానికి కాదు, ఆకలికి. భీముడికి వృకోదరుడు, అంటే తోడేలు కడుపు వాడు, అన్న పేరు అందుకే వచ్చింది. ఆ ఒక్క ముక్క చేర్చినా పుట నిండుగా ఉండేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో తోడేలు ఉందన్న సంగతికి మాత్రం సగం వాక్యమైనా దక్కలేదు.

మిగతా పుటల కోసం కొనుక్కోవచ్చు. మా మనవరాలు ఆ తెల్ల తోడేలుకు గోధుమరంగు క్రేయాన్ పులమబోయింది కానీ, నున్నటి కాగితం మీద రంగు అంటలేదు.