ఒరిజినల్ డిస్కులకు సై, బర్న్ చేసినవాటికి నై: ల్యాప్‌టాప్ డీవీడీ డ్రైవ్‌పై నా సమీక్ష

ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన డీవీడీ రైటర్ నా దగ్గర ఇంకా పనిచేస్తూనే ఉంది. ఏళ్ల తరబడి వాడినవాడిగా దాని గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే, ఒరిజినల్ డిస్కుల వరకు బంగారం, బర్న్ చేసిన (అంటే మనమే డేటా రాసుకున్న) డిస్కుల దగ్గరికి వచ్చేసరికి మొండిఘటం.

కొత్తలో అన్నీ చదివేది. తర్వాత తర్వాత మొరాయించడం మొదలుపెట్టింది. ట్రే మూయగానే డిస్క్ గిర్రున తిరుగుతుంది, లోపల లెన్స్ టిక్కుటిక్కుమంటుంది, కాసేపు ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. ఇంత హడావిడీ అయ్యాక డ్రైవ్‌లో డిస్క్ పెట్టమని విండోస్ అడుగుతుంది. లోపలున్నది డిస్క్ కాక మరేమిటో!

ఎవరిని అడిగినా మొదట వచ్చే సలహా ఒకటే: డివైస్ మేనేజర్‌లో డ్రైవ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చెయ్యి, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే ఎంట్రీలు తీసెయ్యి. మై కంప్యూటర్‌లో డ్రైవ్ గుర్తే మాయమైపోయినప్పుడు ఈ వైద్యం పనికొస్తుంది. ఒరిజినల్ డిస్క్ చక్కగా తెరుచుకుంటూ, బర్న్ చేసినది మాత్రం తెరుచుకోనప్పుడు దీనితో ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. అనుమానం తీరకపోతే పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ బూట్ చేసి అదే డిస్క్ పెట్టి చూడండి. అక్కడ కూడా మీడియం ఎర్రర్ (డిస్క్ చదవలేకపోతున్నాననే సందేశం) అని వస్తే విండోస్‌ని తిట్టడం ఆపేయొచ్చు.

అసలు తేడా డిస్కులోనే ఉంది. ఒరిజినల్ డిస్కు మీద డేటా అచ్చు పోసిన గుంటల రూపంలో ఉంటుంది. ఒక్కసారే రాయగలిగే సీడీ-ఆర్, డీవీడీ-ఆర్‌లలో రంగు పొర ఉంటుంది, లేజర్ దాన్ని వేడి చేసి గుర్తులు పెడుతుంది. ఎండకీ వేడికీ ఆ రంగు పొర పాడవుతుంది. నాసిరకం డిస్క్ అయితే రాసిన రోజునే గుర్తులు అంతంతమాత్రం. ఇక చెరిపి మళ్లీ రాసుకోగలిగే ఆర్‌డబ్ల్యూ డిస్కులది మరో కథ. ఒరిజినల్ సీడీ మీద పడిన కాంతిలో కనీసం 70 శాతం వెనక్కి వస్తే, సీడీ-ఆర్‌డబ్ల్యూ నుంచి వచ్చేది 15 నుంచి 25 శాతమే. డీవీడీ-ఆర్‌డబ్ల్యూలోనూ 18 నుంచి 30 శాతం మధ్యే. లెన్స్ మీద కాస్త దుమ్ము పేరుకున్నా, లేజర్ కొంచెం నీరసించినా మొదట చేతులెత్తేసేది వీటి దగ్గరే.

ఇక్కడే నాకు బాగా ఉపయోగపడిన ఒక కిటుకు ఉంది. సినిమా డీవీడీల్లో చాలావరకు రెండు పొరలవి. వాటి నుంచి వెనక్కి వచ్చే కాంతి కూడా ఆర్‌డబ్ల్యూ అంత తక్కువే. కాబట్టి రెండు పొరల సినిమా మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా ఆడి, డీవీడీ-ఆర్ ఒక్కటే చదవకపోతే ముందుగా ఆ డిస్కునే అనుమానించాలి. సినిమా కూడా మధ్యలో తడబడుతుంటే అనుమానం డ్రైవ్ మీదకి మళ్లాలి. సీడీలకీ డీవీడీలకీ వేర్వేరు లేజర్లు ఉంటాయని కూడా గుర్తుంచుకోండి: సీడీకి 780 నానోమీటర్లది, డీవీడీకి 650ది. సీడీలన్నీ చదివి డీవీడీలు ఒక్కటీ చదవకపోవడం, లేదా అటుది ఇటు కావడం వింతేమీ కాదు.

నా డ్రైవ్‌లో సీడీలకు ఇబ్బంది లేదు. డీవీడీ-ఆర్‌లు కొన్ని చదివేది, కొన్ని చదివేది కాదు. ఆర్‌డబ్ల్యూ అయితే బొత్తిగా లేదు. సినిమాలు సగం దాటాక నత్తనడక. అంటే డ్రైవ్ వైపే లోపం. అందుకే లెన్స్ శుభ్రం చేశాను. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో ఇది సుఖం. ట్రే బయటికి లాగితే లెన్స్ దానితోపాటే వచ్చేస్తుంది, స్క్రూ విప్పే పని లేదు. ల్యాప్‌టాప్ ఆపేసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసేసి, ట్రే బయటికి లాగాను. కరెంటు లేకుండా ట్రే తెరవడానికి ముందువైపు చిన్న రంధ్రం ఉంటుంది, పేపర్ క్లిప్ నిటారుగా చేసి పొడిస్తే చాలు. లెన్స్ కందిగింజంత ఉంటుంది, సన్నటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది, వేలు తగిలితేనే ఊగుతుంది. వెలుతురులో పక్కనుంచి చూస్తే దాని మీద పల్చటి మసక పొర కనిపించింది. ఇయర్‌బడ్ కొసకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి తగిలించి, బరువు ఆనించకుండా గుండ్రంగా తిప్పాను. తర్వాత పొడి కొసతో మరోసారి. పూర్తిగా ఆరాకే ట్రే మూశాను. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. బ్రష్షు అంటించిన క్లీనింగ్ డిస్కులంటే మాత్రం నాకు భయమే, అంత సున్నితమైన దాన్ని తిరిగే కుచ్చుతో కొట్టించడానికి మనసొప్పదు.

ఫలితం బాగానే ఉంది. సినిమాలు ఆగకుండా ఆడాయి, డీవీడీ-ఆర్‌లలో చాలావరకు తెరుచుకున్నాయి. ఆర్‌డబ్ల్యూ మాత్రం నేటికీ ఒకసారి చదివితే ఇంకోసారి చదవదు. లేజర్ వయసు మీద పడిందని నా అంచనా. దానికి ఇంట్లో చేయగలిగిందేమీ లేదు.

అప్పటికీ తెరుచుకోని డిస్కుల్లో కొన్ని ఫైనలైజ్ చేయనివి, అంటే రాయడం అయ్యాక డిస్కును మూసేయనివి. విండోస్‌లో పెన్‌డ్రైవ్‌లా వాడుకునే పద్ధతిలో రాసినవి, వీడియో రికార్డర్లో రాసి మూయకుండా వదిలేసినవి ఇలా ఏడిపిస్తాయి. వీటిని రాసిన యంత్రంలోనే పెట్టి ఫైనలైజ్ చేస్తే తక్కినవాటిలోనూ చదువుతాయి. ఇక్కడొక జాగ్రత్త ఉంది. ఇలాంటి డిస్క్ పెడితే అది ఖాళీదనుకుని ఫార్మాట్ చేయమంటావా అని విండోస్ అడగొచ్చు. ఏమరపాటున కూడా సరే అనకండి. ఆర్‌డబ్ల్యూ అయితే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

మరికొన్ని డిస్కులకు పేపర్ లేబుల్ అంటించి ఉంది. అది కాస్త పక్కకి జరిగినా డిస్క్ అదురుతూ తిరుగుతుంది, సన్నటి ల్యాప్‌టాప్ డ్రైవ్ ఆ అదురుకి తట్టుకోదు. గీతల విషయంలో అందరూ కింది వైపే చూస్తారు. సీడీలో డేటా పొర పైన, లేబుల్‌కి సరిగ్గా అడుగున ఉంటుంది. పైన పెచ్చు లేచిందంటే ఆ భాగం మీద ఆశ వదులుకోవాల్సిందే. డీవీడీలో పొర రెండు పలకల మధ్య ఉంటుంది కాబట్టి కొంత నయం.

రాయడం విషయానికొస్తే, ఈ డ్రైవ్ డీవీడీలను ఎక్కువలో ఎక్కువ 8ఎక్స్‌లో, అంటే మామూలు వేగానికి ఎనిమిది రెట్లలో రాస్తుంది. నేను 4ఎక్స్‌కి మించి పోనివ్వను, చివర్లో రాసింది సరిచూసే వెరిఫై తప్పక పెడతాను. అలా రాసినవి ఇతర డ్రైవ్‌లలో కూడా పేచీ పెట్టలేదు.

పాత డిస్కుల్లోంచి ఫొటోలు, వీడియోలు బయటికి తీయాలన్నదే మీ ఉద్దేశమైతే ఈ డ్రైవ్‌నే నమ్ముకుని కూర్చోమని చెప్పను. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఒకటి తెచ్చుకోండి. ఇక్కడ చదవనన్న డిస్కులు కొన్ని నా ఎక్స్‌టర్నల్‌లో మొదటిసారికే తెరుచుకున్నాయి. దాన్ని యూఎస్‌బీ హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లే, డిస్క్ వేగం పుంజుకునేటప్పుడు అది చాలక డ్రైవ్ మధ్యలో డిస్కనెక్ట్ అవ్వొచ్చు. యూఎస్‌బీ 3.0లో 900 దాకా వస్తుంది కాబట్టి ఈ గొడవ తగ్గుతుంది. అక్కడా మొరాయించే డిస్కులకు లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే డేటా రికవరీ ప్రోగ్రామ్ నడపండి. చదవగలిగినంతా ముందు కాపీ చేసుకుని, చెడ్డ చోట్లకి తర్వాత తిరిగి వస్తుంది. నేను రాత్రి పెట్టి పడుకుంటాను.