డీజిల్ ఫిల్టర్ మార్పు: లక్షన్నర కిలోమీటర్ల తర్వాత నా మాట

నా డీజిల్ పికప్ ఈమధ్యే 1,50,000 కిలోమీటర్లు దాటింది. ఇప్పటికి డీజిల్ ఫిల్టర్ ఏడుసార్లు మారింది. మొదటిసారి మెకానిక్ మార్చాడు, ఆ తర్వాత ఆరుసార్లూ నేనే మార్చుకున్నాను. మొత్తం ముప్పావుగంట పని. అందులో ఫిల్టర్ విప్పి బిగించడానికి పట్టేది పది నిమిషాలే. మిగతా సమయమంతా శుభ్రం చేయడానికి, డీజిల్ దారిలో చేరిన గాలి తీయడానికి పోతుంది. ఆ రెండూ ఓపికగా చేసేవాళ్లు ఎవరైనా ఈ పని సొంతంగా చేసుకోవచ్చు.

శుభ్రం మీద నాకు అంత పట్టింపు ఎందుకంటే, కామన్ రైల్ ఇంజన్లలో (అన్ని ఇంజెక్టర్లకూ ‘రైల్’ అనే ఒకే పైపు నుంచి డీజిల్ అందే రకం) డీజిల్ ఒత్తిడి 1,600 బార్ దాకా (ఒక బార్ అంటే దాదాపు మామూలు గాలి ఒత్తిడి), కొన్నింటిలో 2,000 దాటి కూడా ఉంటుంది. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యోవంతుల్లో ఉంటుంది. ఫిల్టర్ దాటి లోపలికి వెళ్లిన ఇసుక నలుసు అక్కడ ఆకురాయిలా అరగదీస్తుంది. అందుకే ఇంజన్ చల్లారాక, ఏదీ విప్పకముందే ఫిల్టర్ చుట్టూ ఉన్న దుమ్మంతా బ్రష్‌తో దులిపి తడిగుడ్డతో తుడుస్తాను. కింద ఉన్న బెల్టుల మీద, రబ్బరు పైపుల మీద డీజిల్ కారకుండా మందపాటి గుడ్డ కప్పుతాను.

కొత్త ఫిల్టర్‌లో ముందే డీజిల్ నింపి బిగించడం చాలామందికి అలవాటు. నేనూ మొదట్లో అలాగే చేశాను. నా బండి ఫిల్టర్‌లో మధ్య రంధ్రం వడకట్టిన డీజిల్ ఇంజన్‌కు వెళ్లే దారి. అందులో డబ్బా నుంచి పోస్తే వడకట్టని డీజిల్ నేరుగా పంపులోకి వెళ్తుంది. ఇప్పుడు ఖాళీగానే బిగిస్తున్నాను. రబ్బరు రింగుకు మాత్రం కాస్త డీజిల్ రాస్తాను, లేకపోతే బిగించేటప్పుడు మెలిపడి లీకవుతుంది.

ఇక గాలి. నేను సొంతంగా మార్చిన మొదటిసారి డీజిల్‌ను చేత్తో ఎక్కించే హ్యాండ్ పంపు పదిసార్లు నొక్కి సెల్ఫ్ కొట్టాను. బండి స్టార్టయి అర నిమిషంలో ఆగిపోయింది. ఎయిర్ పట్టింది, అంటే డీజిల్ పైపుల్లో గాలి ఉండిపోయింది. టెన్షన్‌లో సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించేశాను. అప్పటినుంచి పంపు చేతికి రాయిలా గట్టిపడేదాకా నొక్కుతున్నాను, ఒక్కోసారి వంద కూడా దాటుతుంది. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉన్న బండ్లకైతే స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో కాసేపు ఉంచి, ఆపి, ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే సాధారణంగా సరిపోతుంది. పాత ఇంజన్లలో లాగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి గాలి తీయాలని మాత్రం చూడకండి. ఆ ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దిగుతుంది.

ఫిల్టర్ ఎంపికలో ఒకసారి దెబ్బతిన్నాను. మూడోసారి చవకరకం తెచ్చాను. మరలు సరిపోయాయి, లీకు లేదు. ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగేసరికి బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగడం మానేసింది, ఇంజన్ లైటు వెలిగింది. స్కాన్ చేస్తే రైల్ ప్రెషర్ తక్కువని చూపింది. ఆ ఫిల్టర్‌ను కోసి, దాచి ఉంచిన పాతదాని పక్కన పెట్టి చూశాను. చవకదానిలో కాగితం మడతలు పాతదానిలో ఉన్నవాటిలో సగం కూడా లేవు. ఉన్నవి నల్లబడి లోపలికి కుంగిపోయాయి. మడతలు తగ్గితే వడకట్టే వైశాల్యం తగ్గుతుంది, త్వరగా మూసుకుపోతుంది. కంపెనీ చెప్పిన రకం వేశాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. మాన్యువల్‌లో ఎంత దూరం రాసి ఉన్నా నేను 20,000కే మారుస్తున్నాను, దుమ్ము దారుల్లో ఎక్కువ తిరుగుతాను కాబట్టి.

మార్చడం కన్నా నాకు ఎక్కువ మేలు చేసింది నీళ్లు తీయడం. ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి రెండు నెలలకోసారి కొంచెం డీజిల్‌ను గాజు సీసాలోకి పడతాను. పది నిమిషాలు కదపకుండా ఉంచితే నీళ్లుంటే అడుగున విడిగా తేరుకుంటాయి. హై ప్రెషర్ పంపుకు నూనె పనీ డీజిలే చేస్తుంది. నీళ్లకు ఆ జిడ్డు లేదు, పైగా తుప్పు పట్టిస్తాయి. ఒకసారి ట్యాంకు నింపించిన మర్నాడే ఫిల్టర్‌లో నీళ్లు చేరాయని చెప్పే లైటు వెలిగింది. బండి అక్కడే ఆపి స్క్రూ తిప్పితే సీసా అడుగున రెండు వేళ్ల మందం నీళ్లు కనిపించాయి. పంపు, ఇంజెక్టర్లు ఇప్పటికీ బండితో వచ్చినవే.