ఒలీవియర్ షేక్‌స్పియర్ డిస్కులు: మన పద్యనాటక నటులు కొనొచ్చా?

బ్రిటిష్ నటుడు లారెన్స్ ఒలీవియర్ తానే తీసి, తానే నటించిన మూడు షేక్‌స్పియర్ సినిమాలు హెన్రీ ద ఫిఫ్త్ (1944), హామ్లెట్ (1948), రిచర్డ్ ద థర్డ్ (1955). పాత మంచి సినిమాలను డిస్కులుగా వేసే అమెరికా సంస్థ క్రైటీరియన్ వాళ్లు వీటిని ఒకే పెట్టెలో డీవీడీలుగా ఇచ్చారు. కర్నూలు, కడప వైపు పద్యనాటకాలాడేవాళ్లు కొనాల్సిన పెట్టె ఇది. ఊరికే సినిమా చూద్దామనుకునేవాళ్లకు అంత ఖర్చు దండగ.

ముందు హెన్రీ చూడండి. ఈ పాత్రనూ హామ్లెట్‌నూ ఒలీవియర్ 1937లోనే లండన్‌లోని ఓల్డ్ విక్ నాటకశాల వేదిక మీద ఆడాడు. యుద్ధానికి ఉసిగొలిపే ప్రసంగంలో గొంతు పెరిగేకొద్దీ కెమెరా వెనక్కి జరుగుతుంది. కేక వేసే మొహాన్ని దగ్గరగా చూపిస్తే వెకిలిగా ఉంటుందని ఆయనకు తెలుసు. యూట్యూబ్ కోసం పద్యాలు తీసే మనవాళ్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు: రాగం తారస్థాయికి పోగానే కెమెరాను మొహం మీదికి తోస్తారు. హామ్లెట్‌లో దారి వేరు. స్వగతం చాలావరకు పెదవి కదలకుండా, లోపలి గొంతుగా వినిపిస్తుంది. రిచర్డ్ అయితే నేరుగా కెమెరాతోనే మాట్లాడతాడు, ప్రేక్షకుణ్ణి కుట్రలో భాగస్తుణ్ణి చేసుకున్నట్టు. మూడింట్లో నాకు నచ్చింది ఇదే. నాటకంలో పాట తగ్గి మాట పెరగాలని తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ గారు వాదించింది గుర్తొస్తుంది.

లోటూ ఉంది. ఒలీవియర్ నటించిన 1965 నాటి షేక్‌స్పియర్ సినిమా ఒథెల్లో ఈ పెట్టెలో లేదు. తెల్లవాడైన ఆయన మొహానికి నల్లరంగు పూసుకుని ఆడిన ఆ నల్లజాతి పాత్రను ఇప్పుడు చూడటం కష్టమే గానీ, వేదిక కొలతల నటన కెమెరా ముందు ఎంత అతిగా కనిపిస్తుందో తెలియాలంటే అదే ఉదాహరణ. హామ్లెట్ డిస్కులో సినిమా తప్ప అదనపు సరుకు దాదాపు లేదు.

కొనేముందు అట్ట వెనక రీజియన్ నంబరు, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అంకె, చూడండి. అమెరికా డిస్కులకు 1, మన దేశానికి 5. మామూలు ప్లేయర్ తిరగనివ్వదు. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయర్ కావాలి. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ అయిదుసార్లే మార్చగలం, తర్వాత అది అక్కడే బిగుసుకుపోతుంది. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లీషువే పెట్టుకోవాలి. హెన్రీ, హామ్లెట్ బొమ్మలు దాదాపు చదరంగా ఉంటాయి. టీవీ నిండాలని సాగదీస్తే మొహాలు ఉబ్బుతాయి, పక్కన నల్లపట్టీలు ఉండనివ్వండి.