ఆరేళ్లు, 81 వేల కిలోమీటర్లు: ఏబీఎస్, లెగ్ గార్డ్ నన్నెలా కాచాయంటే

2019 ఆగస్టులో 150 సీసీ బండి కొన్నాను. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి చేశారు కాబట్టి అది బండితోనే వచ్చింది. లెగ్ గార్డ్, అంటే బండి పడితే కాలు నలగకుండా కాచే ఇనుప పైపు, నేనే వేయించుకున్నాను. రోజూ సూర్యాపేట నుంచి నకిరేకల్‌కు హైవే మీద డ్యూటీ.

రెండో వానాకాలంలో, తడి రోడ్డు మీద, ముందు వెళ్తున్న ఆటో ఉన్నట్టుండి ఆగిపోయింది. భయంతో ముందు బ్రేకు బలంకొద్దీ నొక్కేశాను. పాత బండయితే చక్రం పట్టేసి కింద పడేవాణ్ణి. ఈసారి లీవర్ వేళ్ల కింద టకటకా కొట్టుకుంది. చక్రం బిగుసుకోబోతోందని సెన్సర్ పసిగట్టి, బ్రేకును సెకనులో ఎన్నోసార్లు వదులుతూ పడుతూ ఉంటే అలా అనిపిస్తుంది. హ్యాండిల్ నా మాట విన్నది, ఆటో పక్కనుంచి తప్పించుకున్నాను.

నాది సింగిల్ చానెల్, అంటే ముందు చక్రానికే. వెనక బ్రేకు గట్టిగా తొక్కితే బండి తోక ఇప్పటికీ విసురుతుంది. నాలుగు వేలో ఐదు వేలో మిగులుతాయని చూసుకోకుండా రెండు చక్రాలకూ ఉండే డ్యూయల్ తీసుకోవాల్సింది.

ఇసుక మీద మాత్రం ఏబీఎస్‌ను నమ్ముకోకండి. 2022లో ఒక మలుపులో టిప్పర్ల నుంచి రాలిన ఇసుక మీద జారి ఎడమవైపు పడ్డాను. స్పీడ్ ముప్పై కూడా లేదు. లేచేముందు చూసుకుంటే బండికీ రోడ్డుకీ మధ్య జానెడు సందు, ఆ సందులో నా పాదం. గార్డ్ పైపు నేలకు రాసుకుని పెయింట్ పోయి ఇనుము తేలింది. ఫుట్‌రెస్ట్ పైకి మడుచుకుంది. చీలమండ దగ్గర కాస్త చర్మం లేచింది, అంతే. గార్డ్ లేకపోతే నూట నలభై కిలోల బండి ఆ కాలి మీదే పడేది.

అంతకుముందు చవగ్గా దొరికిన గార్డ్ ఒకటి వాడాను. స్టాండు జారి బండి పడితేనే పైపు కాలు పెట్టుకునే చోటికి వంగిపోయింది. రోడ్డు మీద పడి ఉంటే అదే నా మోకాలిని నొక్కేది! కాబట్టి మెరుపు చూసి కొనకండి. పైపు మందం చూడండి, ఛాసిస్‌కి ఎన్నిచోట్ల బిగిస్తారో అడగండి. బోల్టులు వదులవుతుంటాయి, నేను మూడు నెలలకోసారి బిగిస్తాను. ఎదురుగా గుద్దితే గార్డ్ చేసేదేమీ లేదు, హెల్మెట్ తీయొద్దు.

ఒకసారి మీటర్‌లోని ఏబీఎస్ హెచ్చరిక లైటు ఆరలేదు. ఒక సర్వీస్ సెంటర్‌లో యూనిట్ మొత్తం మార్చాలన్నారు. మా మెకానిక్ చక్రం దగ్గరి సెన్సర్‌కు పట్టిన బురద తుడిస్తే ఆరిపోయింది.

ఇసుక మీద పడ్డప్పుడు వంగిన గార్డ్‌ను సాగగొట్టించి వాడలేదు, కొత్తది వేయించాను. మొన్న తమ్ముడికి బండి బుక్ చేశాం, డ్యూయల్ చానెల్‌దే.