కయీను సంతతి: ఐదేళ్లుగా వింటున్న అరగంట

న్యూయార్క్ ర్యాపర్ 'కా' పాడిన 'డిసెండెంట్స్ ఆఫ్ కెయిన్' (కయీను సంతతి) ఆల్బమ్‌ను మొదటిసారి విన్నప్పుడు డ్రమ్స్ ఎప్పుడు మొదలవుతాయా అని ఎదురుచూస్తూ మూడు పాటలు గడిపేశాను. అవి రాలేదు. ఒక తీగ వాయిద్యపు ముక్క, నాలుగు పియానో మెట్లు, వాటి మీద ఒక నడివయసు మనిషి గొంతు. ఆ గొంతు పెరగదు, తగ్గదు. పక్క గదిలో పిల్లలు నిద్రపోతుంటే లేపకుండా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నాలుగో పాట దగ్గర ఆపేశాను. అది 2020 మే నెల. లాక్‌డౌన్ వల్ల గుంటూరులోని మా ఇంట్లో ఉన్నాను, చేతిలో కావలసినంత సమయం ఉంది. అయినా ఆపేశాను.

ఆ రాత్రే మళ్లీ పెట్టాను. కారణం పాటల పేర్లు. అన్‌టు ద డస్ట్, ద ఐ ఆఫ్ ఎ నీడిల్, ల్యాండ్ ఆఫ్ నాడ్, మై బ్రదర్స్ కీపర్. ఇవి నాకు ఇంగ్లీషులో కొత్తగానీ తెలుగులో కొత్త కావు. మన్నే గనుక మన్నైపోవడం, సూది బెజ్జం, నోదు దేశం, తమ్ముడికి కావలివాడు. మా నాయనమ్మ లూథరన్ సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. సాయంత్రం దీపం పెట్టే వేళకు బైబిలు తీసి పైకి చదివేది. ఆ చదువులో చిన్నప్పుడు నన్ను బాగా భయపెట్టిన కథ కయీనుది. పొలంలో తమ్ముణ్ణి చంపి, వాడెక్కడ అని అడిగితే నాకేం తెలుసన్నవాడు. న్యూయార్క్ ర్యాపర్ ఒకడు ఆ కథ పట్టుకుని పదకొండు పాటలు ఎందుకు రాశాడో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకోవడానికి ఐదేళ్లు పట్టింది, ఇంకా పూర్తి కాలేదు. అందుకే ఈ సమీక్ష ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

'కా' అసలు పేరు కాసీమ్ రయన్. 1972లో పుట్టాడు. బ్రూక్లిన్ తూర్పు భాగంలోని బ్రౌన్స్‌విల్ అతని పేట. న్యూయార్క్ నగరంలో ప్రభుత్వ గృహ సముదాయాలు అన్నిటికంటే దట్టంగా ఉన్నది అక్కడే. మైక్ టైసన్ పెరిగిన పేట కూడా అదే. 1980లలో క్రాక్ కొకైన్ అనే మత్తుమందు అమెరికా నగరాలను ముంచెత్తినప్పుడు 'కా' అక్కడ ఎదుగుతున్న పిల్లవాడు. అదే పేట నుంచి వచ్చిన ఎం.ఓ.పి. అనే ర్యాప్ జంట పాటలు విన్నవారికి తెలుస్తుంది, వాళ్లు గొంతు చించుకుని అరుస్తారు, ఆ అరుపులోనే ఒక అందం ఉంది. 'కా' చూసిన వీధులూ అవే. అతను మాత్రం గుసగుసగా చెబుతాడు. ఒకే ఊరి దుఃఖం రెండు గొంతుల్లో ఇంత వేరుగా పలకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అతని జీవితంలోని మరో సగం తెలియకపోతే ఈ ఆల్బమ్ సగమే అర్థమవుతుంది. 1990లలో నేచురల్ ఎలిమెంట్స్ అనే బృందంలోనూ, తర్వాత నైట్‌బ్రీడ్ అనే జంటలోనూ ఉన్నాడు. పేరు రాలేదు. సంగీతం పక్కన పెట్టి న్యూయార్క్ అగ్నిమాపక శాఖలో చేరాడు. 2001 సెప్టెంబరు 11న ప్రపంచ వాణిజ్య కేంద్రం దగ్గరికి వెళ్లిన సిబ్బందిలో అతనూ ఒకడు. కెప్టెన్ స్థాయికి ఎదిగాడు. 2008లో, అంటే ముప్పై ఆరేళ్ల వయసులో, 'ఐరన్ వర్క్స్' అనే మొదటి సొంత ఆల్బమ్‌ను తానే తయారుచేసి తానే పంచాడు. అది వు-టాంగ్ క్లాన్ అనే ర్యాప్ బృందానికి చెందిన జీజా చెవిన పడింది, అతను అదే ఏడాది తన ఆల్బమ్‌లో ఒక పాటకు 'కా'ను పిలిచాడు. ఆ పాట పేరు 'ఫైర్‌హౌస్'. అప్పటి నుంచి చివరి వరకు 'కా' ఏ పెద్ద కంపెనీకీ సంతకం పెట్టలేదు. బీట్లు, అంటే మాటల వెనుక వినిపించే సంగీతం, చాలావరకు తానే కట్టుకున్నాడు, వీడియోలు తానే తీసుకున్నాడు. కొత్త ఆల్బమ్ వస్తే న్యూయార్క్ వీధిలో తానే నిలబడి, వచ్చినవారికి చేతికిచ్చి అమ్మాడు.

నిప్పులోంచి మనుషుల్ని బయటికి తీసే ఉద్యోగం చేస్తూ, తీయలేకపోయినవారి గురించి రాత్రిళ్లు రాసుకున్న మనిషి ఇతను. నా తమ్ముడికి నేను కావలివాణ్ణా అన్న కయీను ప్రశ్నను అతను పాటగా కట్టినప్పుడు అది పుస్తకంలోంచి తెచ్చిపెట్టుకున్న అలంకారంలా ఉండదు. దానికి జవాబుగా ఇరవై ఏళ్లు జీతం తీసుకుని పనిచేసినవాడు అడుగుతున్న ప్రశ్న అది.

ఇక పదాల సంగతికి వస్తాను. నేను ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే.

'ప్యాట్రన్ సెయింట్స్' పాట వినండి. క్రైస్తవ సంప్రదాయంలో ప్రతి ఊరికీ ప్రతి వృత్తికీ ఒక పాలక పునీతుడు ఉంటాడు. తన పేట పునీతులు ఎవరో 'కా' చెబుతాడు. వాళ్లు మత్తుమందు అమ్మేవాళ్లు. క్రిస్మస్ తాతలు సుత్తులు మోశారంటాడు. సుత్తి అంటే ఆ వీధుల్లో తుపాకీ. పిల్లలకు దారి చూపే సలహాదారులు కూడా ఆ వ్యాపారంలో చేయి తిరిగినవాళ్లే. ఈ పాటను మొదట్లో నేను నేరస్తుల పొగడ్తగా విన్నాను. పదో పదిహేనోసారి వింటున్నప్పుడు తప్పు తెలిసింది. అక్కడ పొగడ్తా లేదు, నిందా లేదు. పిల్లవాడికి బూట్లు కొనిపెట్టినవాడూ వాడే, వీధిని తగలబెట్టినవాడూ వాడే. రెండూ ఒకే వాక్యంలో పెట్టి ముందుకు వెళ్లిపోతాడు. తీర్పు చెప్పే పని పెట్టుకోడు.

'ల్యాండ్ ఆఫ్ నాడ్' మరో ఉదాహరణ. కథలో కయీను ఏదెనుకు తూర్పున ఉన్న నోదు దేశానికి వెళ్లి కాపురముంటాడు. ఇంగ్లీషులో నాడ్ అంటే కునుకు కూడా. హెరాయిన్ ఎక్కినవాడి తల అలా వాలిపోవడానికీ అదే మాట. బ్రూక్లిన్ పటం తీసి చూస్తే బ్రౌన్స్‌విల్ కూడా తూర్పునే ఉంది. 'ద ఐ ఆఫ్ ఎ నీడిల్' లో బైబిలులోని ఒంటె దూరలేని సూది ఉంది, ఆ పేటలో చెత్తకుప్పల దగ్గర దొరికే మత్తుమందు సూదీ ఉంది. 'పి.ఆర్.ఎ.వై.' అన్న పేరు చెవికి ప్రార్థనగానూ వినిపిస్తుంది, వేటాడబడే జంతువుగానూ వినిపిస్తుంది. ఇవన్నీ నేను విన్న అర్థాలు. మరొకరికి మరికొన్ని దొరుకుతాయి. అన్నిటికీ చోటు ఉండేలా పదాన్ని ఎంచుకోవడంలోనే అతని పనితనం ఉంది.

మనకు దీనికి పేరుంది. శ్లేష. పింగళి సూరన 'రాఘవపాండవీయం' లో ఒకే పద్యం రామాయణ కథనూ భారత కథనూ ఒకేసారి చెబుతుంది. కళాశాలలో తెలుగు మాస్టారు ఆ పద్యాలు విడదీసి చెప్పినప్పుడు, ఇది చమత్కారం కదా, ఇందులో మనసుకు ఏముంది అనిపించేది. 'కా'ను విన్న తర్వాత ఆ అభిప్రాయం మార్చుకున్నాను. రెండు కథలు ఒకే మాటలో ఇమడటం వెనుక ఒక నమ్మకం ఉండాలి, ఆ రెండు జీవితాలు నిజంగా ఒకటే అన్న నమ్మకం. బైబిలు ఆదికాండంలోని పొలమూ బ్రౌన్స్‌విల్ మేడల మెట్లూ ఒకటేనని 'కా' నమ్ముతాడు. అందుకే అతని శ్లేష చమత్కారం కోసం చేసినట్టు ఉండదు.

ఇంకొకటి, నాకు బాగా ఇష్టమైనది. కయీను సంతతి అంటే హంతకుడి పిల్లలు అనే అనుకుంటాం. నాయనమ్మ బైబిలు తీసి ఆ అధ్యాయం చివరిదాకా చదివాను. సితారా వాయించేవారందరికీ మూలపురుషుడు యూబాలు. ఇనుముతో పనిముట్లు చేసినవాడు తూబల్కయీను. ఇద్దరూ కయీను వంశంవారే. అంటే సంగీతమూ ఇనుప పనీ ఆ రక్తంలోంచే వచ్చాయి. 'కా' మొదటి ఆల్బమ్ పేరు, తన సంస్థకు పెట్టుకున్న పేరు, రెండూ 'ఐరన్ వర్క్స్' అన్న సంగతి గుర్తొచ్చి ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. ఇది అతను అనుకుని చేసినదా, యాదృచ్ఛికమా అన్న చర్చ నాకు అక్కర్లేదు. (హనోకు పేరుతోనూ ఇలాంటి ముడి ఉంది. కయీను కొడుకు ఒక హనోకు, దేవునితో నడిచిన హనోకు మరొకడు. 'సాలిట్యూడ్ ఆఫ్ ఈనక్' పాట ఏ హనోకు ఒంటరితనమో నేను ఇంకా తేల్చుకోలేదు.)

డ్రమ్స్ లేకపోవడం గురించి నా మనసు ఎలా మారిందో కూడా చెప్పాలి. ర్యాప్‌లో డ్రమ్స్ నేల వంటివి. వాటి మీద నడుస్తూ మాటలు కాస్త తడబడినా ఎవరికీ తెలియదు. ఆ నేల తీసేస్తే మాటలే నడక కావాలి. 'కా' ప్రాసలు చరణం చివర మాత్రమే కూర్చుని ఉండవు. మధ్యలో, మొదట్లో, ఒక మాట కడుపులో మరో మాటగా వస్తుంటాయి. తాళం వాటిలోనే ఉంటుంది. కొన్ని నెలల తర్వాత బస్సులో వెళ్తూ వింటుంటే నా వేలు మోకాలి మీద తాళం వేస్తోంది. వినిపిస్తున్నది గొంతు ఒక్కటే.

ఆ గొంతు నాకు దేన్ని గుర్తుచేస్తుందో అర్థమయ్యాక ఆల్బమ్ మొత్తం విచ్చుకుంది. మా పల్లె ఇళ్లలో కుటుంబ ప్రార్థన కూడికల్లో ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెబుతారు. తాగుడు, కొట్లాటలు, పోగొట్టుకున్న బిడ్డ. బాగా చెప్పేవాళ్లు అరవరు. తల వంచుకుని, చాప అంచు చూస్తూ, ఉన్నది ఉన్నట్టు చెప్పి కూర్చుంటారు. గది నిశ్శబ్దమైపోతుంది. 'కా' ఈ ఆల్బమ్‌లో చెబుతున్నది సాక్ష్యం. అతని విశ్వాసం ఎలాంటిదన్నది వేరే సంగతి. 2024లో వచ్చిన చివరి ఆల్బమ్ 'ద థీఫ్ నెక్స్ట్ టు జీసస్' లో క్రైస్తవ మతాన్నే నిలదీశాడు. కానీ చెప్పే పద్ధతి మాత్రం ఆ చాప మీది మనిషిదే.

లోపాలు ఉన్నాయి. పాటలన్నీ ఒకే వేగంతో, ఒకే రంగుతో ఉంటాయి. మొదటి వారం రోజులు ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. 'ఓల్డ్ జస్టిస్' నాకు పట్టుబడటానికి రెండేళ్లు పట్టింది. 'సిన్స్ ఆఫ్ ద ఫాదర్' లో పాత మిత్రుడు, ర్యాపర్ రాక్ మార్సియానో గొంతు వినిపించినప్పుడు చెవికి ఎంత హాయిగా ఉంటుందంటే, అలాంటి మార్పు మరో రెండు చోట్ల ఉంటే బాగుండేదనిపిస్తుంది. వీధి భాష తెలియకపోతే సగం అర్థాలు జారిపోతాయి, కాబట్టి సాహిత్యం ఎదురుగా పెట్టుకుని వినాలి. నలుగురు కలిసినప్పుడు పెట్టే సంగీతం కాదు. చిన్న స్పీకర్లలో వింటే ఏమీ మిగలదు. హెడ్‌ఫోన్లు, రాత్రి, ఒంటరితనం, ఈ మూడూ ఉండాలి. ఉన్నాయంటే మాత్రం ఆ అరగంటకు సాటి వచ్చే ర్యాప్ ఆల్బమ్ నేను వేరే వినలేదు.

విమర్శకులు అతన్ని మొదటి నుంచీ మెచ్చుకుంటూనే ఉన్నారు. వినేవాళ్లే తక్కువ. కొత్తగా వినాలనుకునేవారికి ముందు 2016 నాటి 'ఆనర్ కిల్డ్ ద సమురాయ్' ఇస్తాను, అది కొంచెం తేలిగ్గా చేయందిస్తుంది. చదరంగం ఇష్టమైతే 2013 నాటి 'ద నైట్స్ గ్యాంబిట్'. తర్వాత ఇది.

2024 దసరా పండుగ అయిన రెండు మూడు రోజులకు అతను పోయాడన్న వార్త చూశాను. అక్టోబరు 12న, యాభై రెండేళ్ల వయసులో, హఠాత్తుగా. పండుగకు వచ్చి గుంటూరు ఇంట్లోనే ఉన్నాను. ఆ సాయంత్రం ఆల్బమ్‌లోని చివరి పాట ఒక్కటే పెట్టుకున్నాను. 'ఐ లవ్ (మీమీ, మామ్స్, కెవ్)'. భార్యకు, తల్లికి, స్నేహితుడికి. పది పాటల పాటు ఎవరు ఎవరిని చంపారో చెప్పిన మనిషి, పదకొండోదానిలో తనను బతికించినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞత చెప్పుకుంటాడు. ఆ రోజు హెడ్‌ఫోన్లు తీసి గదిలోకి వినిపించేలా పెట్టాను. చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ కాసేపు విని, "ఇతను పాడటం లేదు కదా, ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఎవరితో?" అని అడిగింది. అమ్మకు ఇంగ్లీషు రాదు.

"వాళ్ల అమ్మతో" అన్నాను. "అయితే ఆపకు" అంది.